పాత ర్యామ్ మీద ఇద్దరి సాక్ష్యం

మేడ మీది గది నుంచి,
వాన వెలిసిన ఉదయం

ప్రభువునందు ప్రియమైన గిలకకు,

అన్నయ్య ఉత్తరం రాశాడేమిటా అని కంగారు పడకు. నాకేం కాలేదు. గొంతు బొంగురు పోయింది, అంతే. డాక్టరు చూసి, "మాట్లాడటం తగ్గించండి, ఉన్న గొంతును దాచుకోండి" అన్నాడు. ఎవరిని? ప్రార్థన కూడికలో వాక్యం చెబితే వీధి చివర కుక్కలు లేచి కూర్చుంటాయని పేరున్న నన్ను! ఫోన్ చెయ్యనిది అందుకే. నా బటన్ల ఫోన్‌లో ఒక్క మాట కొట్టేసరికి తల ప్రాణం తోకకొస్తుంది. అపొస్తలులంతటి వాళ్ళు ఉత్తరాలతోనే లోకాన్ని కదిలించారు, నాకేం తక్కువ?

ఆసుపత్రిలో మాటలు నేర్పే అమ్మాయి ఒకతె ఉంది. కళ్ళజోడు, సన్నటి గొంతు, మొండి ఘటం. ఆమె నాకొక ప్రోగ్రాం ఇచ్చింది. మైకు ముందు కూర్చుని వాక్యాలు చదువుతూ పోతే అది నా గొంతును నేర్చుకుంటుందట. ఆ తర్వాత నేను ఏది టైపు చేస్తే దాన్ని నా గొంతుతోనే పలుకుతుందట. వచ్చే నెలలో నాకొక చిన్న ఆపరేషన్ ఉంది, ఆలోపు ఇది అయిపోవాలి. "ఎందుకైనా మంచిది సార్" అంది. అంతకు మించి ఏమీ లేదు, నువ్వు లేనిపోనివి ఊహించుకోకు.

చిక్కల్లా కంప్యూటర్‌తో వచ్చింది. నువ్వు నీ చేతులతో బిగించి ఇచ్చిన డబ్బానే ఇంకా వాడుతున్నాను. ప్రసంగాలు టైపు చేసుకోవడానికి అది బంగారం. ఈ ప్రోగ్రాం మాత్రం తెరవగానే "ర్యామ్ చాలదు, పదహారు జీబీ కావాలి" అని ముఖాన కొట్టింది. నాకున్నది నాలుగు. సరే అని పాత సామాను కొట్టుకు వెళ్ళి కాగితం మీద రాసి చూపించాను. "ర్యామంటే ర్యామే పెద్దాయనా, ఏదైనా ఒకటే. తీసుకెళ్ళి గుచ్చెయ్యండి" అన్నాడు వాడు.

తెచ్చాను. గుచ్చాను. దిగదు! బొటనవేళ్ళు రెండూ పెట్టి పళ్ళు బిగించి నొక్కాను. కేకలకే కోట గోడలు కూలాయని ఇన్నాళ్ళూ ప్రకటించినవాణ్ని, ఇంత ప్లాస్టిక్ ముక్క నాకు లొంగదా? లొంగలేదు. ముక్క అడుగున ఉన్న గాటు ఒక చోట, గాడిలో ఉన్న చిన్న మిట్ట ఇంకో చోట. ఆకురాయితో ఆ మిట్టను అరగదీస్తే సరిపోతుందనుకుంటున్నాను. డబ్బా నీ చేతి పని కాబట్టి నీకొక మాట చెప్పి మొదలుపెడదామని ఆగాను.

నీ అన్నయ్య


షాపు వెనక గది నుంచి

ఉరుము అన్నయ్యకు,

ఆకురాయి కింద పెట్టు. ముందది పెట్టు, తర్వాత మిగతాది చదువు.

పెట్టావా? ఆ గాటు పెట్టిందే నీలాంటి బలవంతుల కోసం. ర్యామ్‌లో తరాలుంటాయి. నీ బోర్డు మూడో తరానిది, డీడీఆర్ త్రీ అంటారు. కొట్టువాడు అంటగట్టింది నాలుగో తరం. ఒక తరం ముక్క ఇంకో తరం గాడిలో దిగకూడదనే గాటు చోటు మారుస్తారు. అరగదీసి దించి కరెంటు ఇచ్చావనుకో, ముక్కా పోతుంది, బోర్డూ పోతుంది, నీకు రేకు డబ్బా మిగులుతుంది. అందులో బియ్యం పోసుకోవచ్చు.

ఇప్పుడు నేను చెప్పినట్టు చెయ్యి. కరెంటు తీగ లాగెయ్యి. పక్క రేకు విప్పు. లోపలి ఇనప చట్రాన్ని ఒకసారి చేత్తో తాకు, నీ ఒంట్లో నిలిచిన మెరుపు, అదే ఆ కాస్త కరెంటు, దిగుతుంది. లోపల ఫ్యాను పక్కన నాలుగు పొడుగాటి గాడులు కనిపిస్తాయి, రెండు నీలం, రెండు నలుపు. ఒక నీలం గాడిలో పాత నాలుగు జీబీ ముక్క ఉంటుంది, నేను పెట్టిందే. దాన్ని తీసి పక్కన పెట్టు. మూడో తరంవి ఎనిమిదేసి జీబీవి రెండు కొను, రెండూ ఒకే కంపెనీవి. ఒకే రంగు గాడుల్లో పెట్టు. రెండు చివర్లా టిక్కుమనేదాకా నొక్కు. పాతదాన్ని కొత్తవాటితో కలపకు, వాటి నడక వేరు, దీని నడక వేరు.

ఇదంతా ఫోన్‌లో అయితే అయిదు నిమిషాల పని. నువ్వు మాట్లాడొద్దులే, నేను చెబుతుంటాను, అవునంటే ఒకసారి దగ్గు, కాదంటే రెండుసార్లు దగ్గు.

నేనే వచ్చేదాన్ని గానీ రిపేరు బల్ల నిండా పని పడి ఉంది, కదలడానికి లేదు. ఇంతకీ గొంతు ఎప్పటి నుంచి బాగోలేదు? నువ్వు నిద్రలో కూడా ప్రసంగం చేసే మనిషివి. నిన్ను తగ్గించమన్నారంటే నాకు నచ్చలేదు.

గిలక


మేడ మీది గది నుంచి

ప్రియమైన గిలకకు,

దగ్గమన్నావు. నీ గొంతు వింటే నేను దగ్గి ఊరుకుంటానా? నువ్వు ఒకటంటే నేను పది అనాలి, ఊహ తెలిసినప్పటి నుంచీ మన వరస అదే. ఆ పదీ ఇప్పుడు మైకుకు కావాలి. కాబట్టి నీతో పోట్లాట కాగితం మీదే.

తరతరాలకు దేవుడైనవాణ్ని ప్రకటించే నన్ను పట్టుకుని నీది ఏ తరం అని అడుగుతుందా నీ బోర్డు! అయినా లోబడ్డాను. "మూడో తరం, ఎనిమిదేసి, రెండు" అని పెద్ద అక్షరాలతో రాసి కొట్టువాడి ముక్కు కింద పెట్టాను.

"అలా చెప్పండి పెద్దాయనా! ఒక ఆఫీసు మూసేశారు, అక్కడి పెద్ద మెషీన్లవి. మామూలు వాటికంటే దిట్టం. మీ అదృష్టం బాగుంది" అన్నాడు.

దిట్టం అనే మాటకు పడిపోయాను, ఒప్పుకుంటాను. తెచ్చి పెట్టాను, చక్కగా దిగాయి, టిక్కుమన్నాయి. మీట నొక్కాను. ఫ్యాను తిరిగింది. దీపం వెలిగింది. తెర మాత్రం నల్లగా, ఐగుప్తు మీద కమ్మిన చీకటిలా, చేత్తో తడిమితే తగిలేటంత నల్లగా ఉండిపోయింది. పైగా లోపల్నించి కూత. ఆగి ఆగి, పొడుగ్గా, ఒకటే కూత. నోరులేని గాడిద చేత మాట్లాడించిన దేవుడు ఈ డబ్బా చేత కూడా ఏదో చెప్పిస్తున్నాడు. నాకు అర్థం కావడం లేదు, అదీ నా బాధ.

కూడికలో ఇప్పుడు బట్టలు కుట్టే సోదరుడు వాక్యం చెబుతున్నాడు. మంచివాడే. గొంతు మాత్రం సూదిలో దారం ఎక్కించేటప్పుడు మాట్లాడినట్టు ఉంటుంది. నేను చివరి బెంచీలో కూర్చుంటున్నాను. ఇదివరకు కూడిక ముగిశాక నా చుట్టూ మూగేవారు చూడు, అది నా మీద ప్రేమ అనుకునేవాణ్ని. వాళ్ళు వచ్చింది జవాబుల కోసం. జవాబు చెప్పని మనిషి దగ్గర ఎవరైనా ఎంతసేపు నిలబడతారు? చేతులు కలిపి, తల ఊపి, వెళ్ళిపోయారు. ఒక ముసలమ్మ మాత్రం నాకు చెవుడు వచ్చిందనుకుని నా చెవిలో గావుకేక పెట్టింది. ఆవిడే నయం.

కూతకు అర్థం చెప్పు.

నీ అన్నయ్య


షాపు వెనక గది నుంచి

అన్నయ్యకు,

నువ్వు కొన్నవాటిలో ఒకటి తీసి వెలుతురులో పెట్టు. ఒక వైపున ఉన్న నల్లటి చిప్పులు లెక్కపెట్టు. మామూలు కంప్యూటర్‌కు పనికొచ్చే ముక్కకు ఎనిమిది ఉంటాయి. నీ వాటికి తొమ్మిది ఉంటాయని నా పందెం. మధ్యలో ఇంకో చిన్న చిప్పు కూడా ఉంటుంది. అవి సర్వర్లకు వాడేవి. తరం అదే, గాటు అదే, గాడిలో దిగుతాయి కూడా. నీ బోర్డుకు మాత్రం వాటి భాష రాదు. ఆ కూతకు అర్థం ఒకటే, "నాకు ర్యామ్ కనబడటం లేదు" అని. వాడి కొట్టుకు ఇంకెళ్ళకు. వెళితే నువ్వు కాగితం చూపిస్తావు, వాడు నీకు ఆకాశం చూపిస్తాడు.

నా సొరుగులోంచి రెండు ఎనిమిదేసి ముక్కలు పార్సిల్‌లో పంపుతున్నాను. రెండూ నేను పరీక్షించి ఉంచుకున్నవి. పెట్టే ముందు వాటి బంగారు రంగు పళ్ళను పెన్సిల్ రబ్బరుతో ఒకసారి మెల్లగా తుడువు. వాటితో పాటు ఒక పెన్ డ్రైవ్ పంపుతున్నాను, అందులో ర్యామ్‌ను పరీక్షించే ప్రోగ్రాం ఉంది. ఇప్పుడు దాని అవసరం రాదు, ఉంచుకో.

అన్నయ్యా, నీ మొదటి ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. చిన్న ఆపరేషన్ అన్నావు. ఎందుకైనా మంచిదని గొంతు దాచిపెడుతున్నారన్నావు. చిన్న ఆపరేషన్‌కు ఎవరూ మనిషి గొంతు దాచిపెట్టరు. నువ్వు కూడికలో వందమందిని "నిజం ఒప్పుకో" అని నిలదీసినవాడివి. ఇప్పుడు నేను నిలదీస్తున్నాను. ఏం కోస్తున్నారు?

గిలక


మేడ మీది గది నుంచి

గిలకా,

నీ పార్సిల్ వచ్చింది. తుడిచాను, పెట్టాను, తెర వెలిగింది. ఆ గదిలో ఒక్కణ్నే నిలబడి రెండు చేతులూ పైకెత్తాను. ప్రోగ్రాం నోరెత్తకుండా తెరుచుకుంది.

తెల్లారాక గొంతు కాసేపు బాగుంటుంది, ఆ తర్వాత ఇసుక పోసినట్టు అయిపోతుంది. ఆ కాసేపటి కోసం ముందురోజంతా నోరు కట్టుకుని కూర్చున్నాను. మైకు ముందుకు వచ్చాను. చదవమని ఆ అమ్మాయి రాసిచ్చిన మాటల చిట్టా పక్కన పడేశాను. "మంచినీళ్ళు ఇవ్వండి", "ఇక్కడ నొప్పిగా ఉంది", ఇవా నేను చదవాల్సినవి? తీర్పు దినం మీద ప్రసంగం ఎత్తుకున్నాను. గిలకా, ఎలా వచ్చిందనుకున్నావు! పాత గొంతు వచ్చింది. కిటికీ రెక్క అదిరింది. సగం దాటాను. నీలం తెర. కంప్యూటర్ తనంతట తానే ఆగిపోయి, మళ్ళీ మొదలైంది. నేను మాట్లాడిందంతా పోయింది.

మర్నాడు మళ్ళీ. మళ్ళీ అదే నీలం తెర. ఆ మర్నాడూ అంతే. మూడుసార్లు నా గొంతును తీసుకెళ్ళి చిల్లుకుండలో పోశాను. నీ ముక్కలు మంచివన్నావు. పరీక్షించానన్నావు. ఇదేనా నీ పరీక్ష?

ఏం కోస్తున్నారని అడిగావు కదా. రాస్తున్నాను, చదువుకో. గుడిలో దేవదూతను నమ్మక నోరు మూతబడిన యాజకుడు జ్ఞాపకం ఉన్నాడా, పలక తెమ్మని సైగ చేసినవాడు? ఆ పలక మీద బిడ్డ పేరు రాయగానే ఆయనకు నోరు తెరుచుకుంది. నాకు తెరుచుకోదు. స్వరపేటిక మొత్తం తీసేస్తారు. పుండు లోతుగా ఉందట. మెడకు ఒక రంధ్రం పెడతారు, దానిలోంచి ఊపిరి. ప్రాణం ఉంటుంది, మాట ఉండదు. ఇప్పుడు రోజూ నేను చిల్లుకుండలో పోస్తున్నది మళ్ళీ ఊరేది కాదు.

ఇక నువ్వు అడగాల్సింది ఏమైనా ఉందా?


షాపు వెనక గది నుంచి

అన్నయ్యా,

నీ ఉత్తరం అందింది. ఏం రాయాలో తెలియక కాగితాలు పాడుచేశాను. నాకు చేతనైనదే రాస్తున్నాను.

ముక్కల సంగతి తేలేదాకా మైకు ముందు కూర్చోకు. ప్రార్థన కూడా మనసులోనే చేసుకో, ఆయనకు వినిపిస్తుంది.

పెన్ డ్రైవ్ గుచ్చి కంప్యూటర్ పెట్టు. పరీక్ష దానంతట అదే మొదలవుతుంది. గాడిలో ఒకే ఒక్క ముక్క ఉంచు. ఒక్కటే. అది పూర్తయ్యాక తీసి రెండోది పెట్టు. తప్పు దొరికితే ఎర్ర గీతలు వస్తాయి. ఏది పెట్టినప్పుడు ఎరుపు వచ్చిందో అది పాడైనది. పరీక్ష చాలాసేపు పడుతుంది, మధ్యలో ఆపకు. కూర్చుని చూడక్కర్లేదు. చూస్తావని తెలుసు.

దారిలో ఒకటి దెబ్బతిని ఉండొచ్చు. అలా అయితే ఇంకోటి పంపుతాను. వెంటనే రాయి.

అన్నయ్యా, ముందే ఎందుకు చెప్పలేదు?

గిలక


మేడ మీది గది నుంచి

గిలకకు,

పరీక్ష ముగిసింది. నీ ముక్కలు రెండూ దోషులు. మొదటిది పెట్టాను, ఎర్ర గీతలు. అది తీసి రెండోది పెట్టాను, ఎర్ర గీతలు. పెద్దది మాత్రం నిర్దోషి, దాన్ని నేను పరీక్షకు నిలబెట్టలేదు.

పెద్దది అంటే పాత నాలుగు జీబీది. తీసెయ్యమన్నావు, తియ్యలేదు. ఎందుకు తియ్యాలి? నీ చేత్తో పెట్టింది. ఇన్నేళ్ళూ నాకు ఊడిగం చేసింది. నా ప్రసంగాలన్నీ దాని మీదుగా నడిచినవే. నిన్నగాక మొన్న వచ్చిన వాటి మాట విని సంఘ పెద్దను బయటికి నెట్టేవాణ్ని కాను నేను. పెద్ద మీద నిందను ఇద్దరు ముగ్గురు సాక్షులుంటే తప్ప చెవిన పెట్టొద్దని లేఖనం ఉంది, నీకూ కంఠతా వచ్చిన మాటే. కాబట్టి దాన్ని దాని నీలం గాడిలోనే కూర్చోబెట్టి, నీ వాటిని ఒకదాని తర్వాత ఒకటి దాని పక్కన నిలబెట్టి విచారించాను. రెండూ తప్పాయి.

మాటలు నేర్పే అమ్మాయి దగ్గరికి వెళ్ళాను. నా గొంతు విని ఆమె ముఖం మారిపోయింది.

"ఏం చేశారు సార్? పోయినసారి ఇంతకంటే బాగుంది. ప్రసంగాలు చదివారా?"

తల ఊపాను.

"నేనిచ్చినవి చదవండి సార్. 'తలుపు వెయ్యి' అని చదవండి. 'లైటు తియ్యి' అనండి. రేపు ఇంట్లో మీకు కావల్సినవి అవే."

అప్పుడు ఆపుకోలేకపోయాను. డాక్టరు మాట తప్పి, నోరు తెరిచి అన్నాను, "తలుపు వెయ్యమని చెప్పడానికి నా ఇంట్లో ఎవరున్నారమ్మా?"

ఆమె ఆ చిట్టా మడిచి మళ్ళీ నా చేతిలో పెట్టింది. నేను వచ్చేశాను.

ప్రసంగమే ఎందుకు చదివావని నువ్వూ అడుగుతావు. వందమందితో మాట్లాడటం ఒక్కటే నాకు వచ్చు. ఒక్కరితో మాట్లాడాల్సిన మాటలు చదువుతుంటే, ఆ ఒక్కరూ ఎక్కడున్నారా అని గది అంతా వెతుక్కోవాల్సి వస్తోంది.

ఇంకొక్కటి అడుగుతాను. బల్ల నిండా పని అంటున్నావు. ఎవరి ప్రింటరు బాగుచెయ్యడం నీ అన్న గొంతు కంటే ముఖ్యమయింది?

అన్నయ్య


షాపు వెనక గది నుంచి

ఓ మహానుభావా,

ఇద్దరు సాక్షులు కావాలన్నావు. వచ్చారు కదా! మొదటి ముక్కను పెద్ద పక్కన నిలబెట్టావు, ఎరుపు. రెండో ముక్కను పెద్ద పక్కన నిలబెట్టావు, ఎరుపు. రెండుసార్లూ ఆ గదిలో ఉన్నదెవరు? ఇద్దరు సాక్షులు, వేరువేరుగా, ఒకరి మాట ఒకరు వినకుండా, పెద్ద మీద సాక్ష్యం చెబితే నువ్వు సాక్షులకు శిక్ష వేశావు! వాక్యం కంఠతా పట్టినవాడివి, ఆ ఒక్కటీ ఎలా తప్పావన్నయ్యా?

పాతది ఇన్నేళ్ళూ బాగానే ఉంది అంటావు. నువ్వు టైపు చేసుకునేవాడివి, అంతే. దాని చివరి గదుల దాకా వెళ్ళే పని ఎప్పుడూ పడలేదు. అక్కడేదో ఎప్పుడో పాడై ఉంటుంది, తెలియలేదు. ఇప్పుడు నీ గొంతు వచ్చి అన్ని గదులూ నింపుతోంది, అక్కడికి చేరగానే కూలుతోంది. దాన్ని తియ్యి. నేను పెట్టిందే, నేనే తియ్యమంటున్నాను. నావి రెండూ రెండు నీలం గాడుల్లో పెట్టి, పరీక్ష మళ్ళీ పెట్టు. ఒక్క ఎర్ర గీత వచ్చినా నా పేరు మార్చుకుంటాను.

ఇక బల్ల సంగతి. బల్ల మీద ఏమీ లేదు, దుమ్ము తప్ప. పై అరలో డబ్బా దించబోయి నిచ్చెన మీంచి పడ్డాను. తొడ ఎముక విరిగింది. నీ మొదటి ఉత్తరానికి ముందే. కాలికి లోపల కమ్మీ వేశారు. షట్టరు అప్పటి నుంచీ దించే ఉంది. ఈ వెనక గదిలో మంచం, చేతికందే దూరంలో ఒక చక్రాల కుర్చీపీట. పక్కింటావిడ పొద్దున ఒకసారి వచ్చి వెళుతుంది. నీకు పార్సిల్ కూడా ఆవిడే పంపింది. ఆ ముక్కల కోసం మంచం మీంచి సొరుగు దాకా పీట మీద దొర్లుకుంటూ వెళ్ళాను, మధ్యలో చక్రం గడప దగ్గర ఇరుక్కుని కాసేపు అక్కడే కూర్చుండిపోయాను. నీకు రాస్తే గొంతు చించుకుని ప్రార్థన చేస్తావని రాయలేదు. నువ్వు ఎందుకు చెప్పలేదని నేను అడగకూడదని ఇప్పుడు తెలిసింది.

నువ్వు చెప్పు, గదిలో ఎవరూ లేరని. నా గదిలోనూ ఎవరూ లేరు. ఆపరేషన్ అయ్యాక ఇక్కడికి రా. ముందు గది ఖాళీగానే ఉంది. నీకు చిట్టా నేను రాసిస్తాను. ఇవి చదువు, మెల్లగా, నాతో అంటున్నట్టు:

గిలకా, లేవకు, నేను తెస్తాను.
ఆ మందు వేసుకున్నావా లేదా?
నీ వంటలో ఉప్పు ఎప్పుడు పడుతుందే?
ఇలా ఇవ్వు, నీకు చేతకాదు.
ఎవరో వచ్చారు, చూడు.
నోరు ముయ్యి.
ఇందాక ఏదో అన్నావు, వినబడలేదు, మళ్ళీ చెప్పు.

చివరిది నువ్వు నాతో పుట్టాక ఎప్పుడూ అనలేదు. అయినా చదువు.

గిలక


మేడ మీది గది నుంచి,
ఆసుపత్రికి సంచి సర్దుకున్న మధ్యాహ్నం

గిలకకు,

నీ పేరు మార్చుకోవాల్సిన పని పడలేదు. పెద్దను తీశాను. కొత్తవి రెండే పరీక్షకు నిలబడ్డాయి. కుర్చీ లాక్కుని కూర్చుని చూశాను, నువ్వనుకున్నట్టే. ఒక్క ఎర్ర గీత లేదు. అది చూశాక సిగ్గుతో కాసేపు గోడవైపు తిరిగి కూర్చున్నాను.

చదవడం అయిపోయింది. నీ చిట్టా ముందు చదివాను, ఆ అమ్మాయి చిట్టా తర్వాత. గట్టిగా చదవడానికి గొంతు లేదు, మెల్లగానే వచ్చింది. రోజుకు కాస్త, రోజుకు కాస్త. కంప్యూటర్ ఒక్కసారి కూడా ఆగలేదు. ఆ అమ్మాయికి ఫైలు ఇస్తే విని, "సార్, మీరు ఇలా కూడా మాట్లాడతారా?" అంది. నాకూ తెలియదమ్మా అని రాసి చూపించాను.

ఇవాళ ఆ గొంతు సిద్ధమైంది. మొదట తీర్పు దినం ప్రసంగం టైపు చేసి చదవమన్నాను. బస్సు వేళలు చదివినట్టు చదివింది గిలకా! అగ్ని, గంధకం, పళ్ళు కొరుకుట, అన్నీ ఒకే వరసలో, ఎక్కడా ఉరుము లేదు, మెరుపు లేదు. కోపంతో టేబుల్ మీద గుద్దాను. తర్వాత నీది ఒకటి టైపు చేశాను. "గిలకా, లేవకు, నేను తెస్తాను." అది మాత్రం నేనే. నిజంగా నేనే. దానికి కేక వెయ్యడం రాదు, మాట్లాడటం వచ్చు. నాకు ఒక పక్క సంతోషం, ఒక పక్క బాధ.

నీ దగ్గరికి రమ్మన్నావు. మెడలో రంధ్రంతో, గొట్టంతో, రోజూ శుభ్రం చెయ్యాల్సిన మనిషిని. నువ్వే మంచం మీద ఉన్నావు. ఒక కుంటిదానికి ఒక మూగవాడు బరువు కాకూడదు. ఆ సంగతి తర్వాత ఆలోచిద్దాం.

మైకు పని ముగిసినా అడుగున ఇంకా కాస్త గొంతు మిగిలినట్టుంది. చాలా కాదు, నాలుగు మాటలకు వస్తుందేమో. ప్రార్థనకు వాడదామంటే, ఆయన మనసులో మాటే వింటాడని నువ్వే అన్నావు. దేనికి వాడాలో ఇంకా తోచలేదు.

అన్నయ్య


షాపు వెనక గది నుంచి,
ఆసుపత్రి పురుషుల వార్డుకు

అన్నయ్యా,

ఈ ఉత్తరం నీకు చదివి వినిపించమని ఆసుపత్రికి ఫోన్ చేసి ఆ కళ్ళజోడు అమ్మాయికి చెప్పాను. నువ్వు కళ్ళు తెరిచేసరికి అందాలి.

నిన్న సాయంత్రం ఫోన్ మోగితే నీ నంబరు చూసి, నీకేదో అయిందని చెప్పడానికి ఎవరో చేస్తున్నారనుకున్నాను. నువ్వే. గొంతు గుర్తుపట్టలేదు మొదట. కాగితం చింపినట్టు ఉంది. వాక్యం చెప్పలేదు, దీవెన ఇవ్వలేదు. "కాలు నొప్పి పెడుతోందా?" అన్నావు.

నేనేం చేశాను? నీ మీద అరిచాను. ఎందుకు చేశావు, ఎవరు మాట్లాడమన్నారు, ఇంత కష్టపడి దాచింది ఇలా పారబోస్తావా అని నోటికొచ్చినట్టు తిట్టాను. తర్వాత ఏడ్చాను. నువ్వు తిరిగి ఒక్క మాట అనలేదు, అనడానికి లేదని అప్పుడు అర్థమైంది. ఫోన్ పెట్టెయ్యలేదు కూడా. ఇద్దరం ఒకరి ఊపిరి ఒకరం వింటూ కూర్చున్నాం. పక్కింటావిడ దీపం వెయ్యడానికి వచ్చి, నన్ను చూసి, వెయ్యకుండానే వెళ్ళిపోయింది.

నువ్వు ఫోన్ పెట్టేశాక గుర్తొచ్చింది, నీకు నేను జవాబు చెప్పలేదని. ఇన్నేళ్ళలో నువ్వు నన్ను ఎన్నో అడిగావు, కూడికకు వచ్చావా, వాక్యం చదివావా, మారుమనసు పొందావా అని. ఇలాంటిది ఎప్పుడూ అడగలేదు. అడిగింది ఒక్కసారి, ఆఖరి గొంతుతో అడిగావు. దానికి జవాబు లేకుండా ఉండిపోకూడదు.

నొప్పి పెడుతోందన్నయ్యా. రోజూ పెడుతోంది. లేవలేకపోతున్నాను.

వచ్చెయ్యి.

గిలక